అలిగిన రోజు పేర్చిన బతుకమ్మ

"నీకేందే, పదమూడు రోజులు సెలవులు" అన్నాడు చందర్, పొద్దున ఆరింటికి గడప మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ.

ఆ మాట అన్నప్పుడు రోజారాణి ఏం చేస్తోందో కూడా చెప్పుకోవాలి మరి. ఒక పొయ్యి మీద అతని టిఫిన్ బాక్సులోకి బెండకాయ వేపుడు, రెండో పొయ్యి మీద పాలు. బాత్‌రూమ్‌లో రెండు బకెట్ల నిండా ఆడబిడ్డలొస్తే పరవడానికి దుప్పట్లు నానుతున్నాయి. సజ్జ మీదున్న పెద్ద గిన్నెలు దింపి తోమాలి. రెండు రోజుల ముసురుకి ఉతికిన బట్టలేవీ ఆరక, ఇల్లంతా కట్టిన తాళ్ళ మీద వేలాడుతున్నాయి. ఇన్నిటి మధ్య సెలవెక్కడుందో రోజారాణి నిజంగానే ఒక క్షణం అటూ ఇటూ చూసింది. బడికి సెలవులు, పిల్లలకు సెలవులు, ఆఖరికి బడి గంటకు కూడా సెలవే. ఆమె కాలనీ పక్కనున్న ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. ఏటా సెప్టెంబర్లో మూడో తరగతి పిల్లలకు 'మన పండుగలు' పాఠం చెబుతుంది. పండుగంటే అందరూ కలిసి ఆనందంగా ఉండే రోజు అని బోర్డు మీద రాస్తుంది. పిల్లలు గట్టిగా చదువుతారు. ఈసారి రాస్తుంటే చేతిలో సుద్దముక్క విరిగింది. దానికీ దీనికీ ఏం సంబంధం లేదు లెండి, తేమకు సుద్దముక్కలు మెత్తబడ్డాయి, అంతే.

చందర్ సత్తుపల్లి దగ్గర ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ ఆపరేటరు. మంచివాడే. తాగి వచ్చి గొడవ చేసే రకం కాదు, చెయ్యెత్తడు, కూతురంటే ప్రాణం. అతని గురించి ఎవరికైనా ఫిర్యాదు చెప్పాలంటే రోజారాణికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఈ పది రోజులుగా ఆమెను తినేస్తున్న సంగతి కూడా అదే.

పది రోజుల కిందట అన్న వెంకటనారాయణ ఫోన్ చేశాడు. "రోజా, దీపావళి దాటినంక ఊరు ఖాళీ చేసుడేనంట. నోటీసు అంటించిన్రు. ఈ సద్దులే మనూర్ల చివరియి. నువ్వు రావాలె" అన్నాడు. ఊరంటే కుంకుళ్ళగూడెం. కాలనీ నుంచి పద్నాలుగు కిలోమీటర్లు. ఓపెన్‌కాస్టు ఏటా కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చి, ఈ ఏడు ఊరి పత్తి చేల గట్టు దాకా వచ్చి నిలబడింది. వచ్చే ఏడు బతుకమ్మ నాటికి అక్కడ ఊరుండదు, గుంత ఉంటుంది. ఆ గుంతలోకి దిగే బండ్లలో ఒకటి చందర్‌దే కావచ్చు.

రోజారాణి ఆ రోజు రాత్రే మొగుడితో అంది. "సోమవారం ఈన్నే సద్దులు చేసి, మంగళవారం పొద్దున మా ఊరికి పోయొస్త. ఆడ మంగళవారమంట." ఈ ఏడు ఒక తిథి రెండు రోజులు సాగింది. అందుకని కాలనీ గుడి పూజారి ఆఖరిదైన తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ సోమవారమన్నాడు, కుంకుళ్ళగూడెం అయ్యగారు మంగళవారమన్నాడు. కాలనీ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో దాని మీద రెండొందల మెసేజీలు నడిచి, మాటలు పడి, ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు కూడా. చదవలేక రోజారాణి ఆ గ్రూపును మ్యూట్‌లో పెట్టింది. కానీ మనసులో మాత్రం, ఆ గొడవ పుణ్యమా అని తనకొక రోజు కలిసొచ్చిందని మురిసిపోయింది.

"మంగళవారం అక్కోళ్ళు ఇంట్లుంటరు గద. ఆళ్ళను ఇడిసిపెట్టి ఎట్ల పోతవ్?" అన్నాడు చందర్. కోపంగా కాదు, లెక్కలో తప్పు చూపించినట్టు మామూలుగా అన్నాడు. "రెండేండ్లకొకసారి తల్లిగారింటికొస్తున్నరు పాపం. అయినా ఆ ఊర్ల ఏమున్నదే ఇప్పుడు? సగం ఇండ్లకు తలుపులు కూడ లెవ్వు. పెండ్లయి పదిహేనేండ్లాయె, ఇంక ఊరేంది నీకు?"

"సరే" అంది రోజారాణి. అన్న తర్వాత ఎందుకన్నానా అనుకుంది. అనకపోతే ఏమయ్యేదో కూడా తెలియలేదు.

ఇదిగో, అప్పటి నుంచీ ఆమె బుర్ర బుర్రలో లేదు. వాళ్ళ తల్లిగారింటికి వాళ్ళు రావాలంటే, తాను తన తల్లిగారింటికి పోగూడదు. ఈ ముక్క ఆమెకు దుప్పట్లు నానేస్తుంటే తట్టింది, తట్టగానే ఒళ్ళు మండింది. మండిందే గానీ ఎవరి మీద మండాలో తెలియలేదు. ఆడబిడ్డల మీదా? పాపం, పెద్దామె ఇల్లెందులో కిరాణా కొట్టు మీద పొద్దుగూకులూ నిలబడే మనిషి, రెండేళ్ళకు ఒకసారి కూర్చుని తింటానంటే తప్పేముంది? మొగుడి మీదా? ఆయన తవ్వకపోతే ఇంకొకరు తవ్వుతారు, ఆ జీతంతోనే ఈ ఇల్లు, కూతురి చదువు. అన్న మీదా? నష్టపరిహారానికి ఊరి లిస్టు రాసినప్పుడు పెద్ద కొడుకు, చిన్న కొడుకు, పెళ్ళికాని తమ్ముడు అంటూ ఒక్కొక్కరినీ ఒక్కో ఇల్లుగా రాసుకున్నారు. పెళ్ళయిన ఆడపిల్ల పేరు ఏ వరుసలోనూ లేదు. అన్న సంతకం పెట్టిన నెలకు గానీ ఆమెకు సంగతి తెలియలేదు. "నీకు చెప్పేదేముందే, నీది ఈ ఊరు కాదు గద" అన్నాడు, ప్రేమగానే. అత్తింటి వాళ్ళేమో పదిహేనేళ్ళ తర్వాత కూడా ఎవరైనా అడిగితే "మా కోడలుది కుంకుళ్ళగూడెం" అంటారు. ఇంతకీ నేనెక్కడిదాన్ని అని అడుగుదామంటే, అడిగేదెవరిని? అమ్మ ఉంటే అడిగేది. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. అమ్మ లేని తల్లిగారిల్లు, రేపోమాపో ఇల్లు కూడా లేని తల్లిగారిల్లు. దాని కోసం ఇంత గుంజులాట ఎందుకో ఆమెకే అర్థం కావడం లేదు. పోవాలని ఉందా అంటే ఉంది. పోయి ఏం చేస్తావంటే తెలియదు. కోపమా అంటే ఏమో. ఏడుపా అంటే అదీ రావడం లేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి ముసురు విడిచింది. ఎండ తెల్లగా కాసింది. బొగ్గు దుమ్ము కడుక్కుపోయి కాలనీ చెట్లన్నీ అసలు రంగులోకి వచ్చాయి. రెండు రోజులు వానకు ఎవరూ గ్రౌండుకు పోలేదు. ఎవరింట్లో వాళ్ళే చిన్న బతుకమ్మ పేర్చి, వాకిట్లో నాలుగు చుట్లు తిరిగి అయిందనిపించారు. ఇవ్వాళ ఎండ చూడగానే రోజారాణికి ప్రాణం లేచొచ్చింది. వంటింటి తలుపుకు ఎరువుల దుకాణం వాళ్ళ క్యాలెండరు ఉంది, అన్న ఏటా ఊరి నుంచి పంపేదే. అందులో ఇవ్వాళ ఐదో రోజు, అట్ల బతుకమ్మ అని ఉంది. నాలుగట్లు పోసింది. నిన్న బస్టాండు దగ్గర అడవి వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళ దగ్గర కొన్న తంగేడు, గునుగు బకెట్లో ఉండనే ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. అత్తమ్మ ఆదెమ్మ మనవరాలిని వెంటేసుకుని ఇల్లెందులో పెద్ద కూతురింటికి పోయి నాలుగు రోజులయింది. ఆదివారం ఆడబిడ్డలిద్దరితో కలిసి దిగుతారు. దుప్పట్లు ఆరేసి, గిన్నెలు అలాగే వదిలేసి, తాంబాళంలో గుమ్మడాకులు పరిచి రోజారాణి పూలు పేర్చడానికి కూర్చుంది.

పేరుస్తూ పేరుస్తూ ఎంత సేపు కూర్చుందో ఆమెకే తెలియదు. వరుస తంగేడు, వరుస గునుగు, మధ్యలో బంతి. అడ్డం వచ్చే వాళ్ళు లేరు, "ఆ రంగు గట్ల కాదు, గిట్ల పెట్టు" అనే అత్తమ్మ లేదు. చూస్తే మోకాళ్ళ ఎత్తు లేచింది. ఎప్పుడూ అంత పెద్దది పేర్చలేదు. పైన పసుపు గౌరమ్మను పెట్టి, పట్టుచీర కాకపోయినా మంచి చీరే కట్టుకుని, నాలుగు కాకముందే నెత్తిన పెట్టుకుని గ్రౌండుకు బయలుదేరింది.

గ్రౌండులో ఎవరూ లేరు. మైకు లేదు, లైట్లు లేవు. నీళ్ళు నిలిచిన గుంటల్లో రెండు గేదెలు నిలబడి ఉన్నాయి.

ముందొచ్చాను కాబోలు అనుకుంది. పది నిమిషాలు చూసింది. మెడ నొప్పి పుట్టి బతుకమ్మను అరుగు మీద దింపుతుంటే, వెనక నుంచి షాకేరా గొంతు వినిపించింది. షాకేరా కాలనీ గేటు బయట టైలరింగు చేస్తుంది. చేతిలో కుట్టిన జాకెట్ల సంచి, ఇళ్ళకు ఇచ్చుకుంటూ పోతోంది.

"ఏంది రోజా, ఇయ్యాల పట్టుకొచ్చినవ్? ఇయ్యాల అలిగిన రోజు గద!"

రోజారాణి గిరుక్కున వెనక్కి తిరిగింది. "అలిగింది రేపు గదక్కా?"

"మీ ఊరి లెక్క ప్రకారం రేపు. ఈడ సద్దులు సోమారమన్నరంటే అలిగేది శుక్రారమే గద. మీ పండుగ తారీకులు మీకంటే నాకే బాగెరుక. ఏ రోజుకు ఎవరి జాకెట్ ఇయ్యాల్నో తప్పితే మీరు ఊకుంటరా?" అని నవ్వింది షాకేరా. రోజారాణి మొహం చూసి నవ్వాపింది. "ఏమైతదే? తప్పయితదా?"

తప్పే. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది. ఏనాడో మాంసం ముక్క తగిలి అలిగిందని ఒకరంటారు, అలసిపోయిందని ఒకరంటారు. కారణమేదైనా ఆ రోజు ఎవరూ పేర్చరు, ఆడరు, ఆమెను ఆమె మానాన వదిలేస్తారు. చివరి రోజు సోమవారమా మంగళవారమా అని కాలనీ కాలనీ కొట్లాడుకుంది గానీ, చివరిది జరిగితే మధ్యలో అలిగే రోజు కూడా జరుగుతుందన్న సంగతి రోజారాణికి తట్టనే లేదు. పిల్లలకు లెక్క తప్పితే బెంచీ ఎక్కించే టీచరు!

అత్తమ్మకు తెలిస్తే ఇంకేమైనా ఉందా? కొడుకు గనిలో పనిచేసే ఇంట్లో ఇలాంటి తప్పా అంటుంది. రేపు చందర్ బండి టైరు పేలినా ఇదే కారణమంటుంది. ఇంటికి తీసుకుపోదామంటే బయటికి తెచ్చిన బతుకమ్మను ఆడకుండా మళ్ళీ గడప దాటించకూడదు. ఆడదామంటే మనుషులు లేరు. చెరువులో వేద్దామంటే ఆడకుండా ఎలా వేస్తారు? అరుగు మీద అంత పొడుగు పూల కుప్పను పెట్టుకుని రోజారాణి దిక్కుతోచక నిలబడింది.

"మరి ఏం జేస్తరు గిట్లయితే?" అంది షాకేరా.

"నాకు తెల్వదక్కా. ఎన్నడు గిట్ల కాలె."

"మీ అత్తమ్మను అడుగుదమా ఫోన్ల?"

"వద్దు వద్దు."

షాకేరా సంచి కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు బతుకమ్మ వంక చూసింది. "మస్తుగ పేర్చినవే, ఊకె పారెయ్యబుద్ధి గాదు" అంది. తర్వాత, బట్ట ఎక్కడ కత్తిరించాలో చెప్పినంత తేలిగ్గా అంది. "మీ ఊర్ల ఇయ్యాల ఆడుతరు గద. ఆడికి తీస్కపో. ఆడయితే ఇది తప్పు కాదు."

ఇంత చిన్న సంగతి! పోతే? దుప్పట్లు తాడు మీదున్నాయి. గిన్నెలు దొడ్లోనే ఉన్నాయి. చందర్ ఫస్ట్ షిఫ్టు అయిపోయి, యూనియన్ ఆఫీసు దగ్గర నాలుగు మాటలు మాట్లాడుకుని ఐదింటికి వస్తాడు, చాయ్ అడుగుతాడు. పోకపోతే? ఈ పూలన్నీ ఇక్కడే వాడిపోతాయి. రెండూ తప్పే అనిపించింది. రెండింట్లో ఏది చిన్న తప్పో తేల్చుకోలేక ఆమె మెయిన్ రోడ్డు దాకా నడిచింది. తేల్చుకోకుండానే చెయ్యెత్తింది. షేరింగ్ ఆటో ఆగింది.

"బతుకమ్మ కూడ సీటు పట్టిందక్కా" అన్నాడు డ్రైవరు రామ్‌సింగ్. రోజారాణి తాంబాళాన్ని ఒళ్ళో పెట్టుకుని, పక్కకు పడకుండా రెండు చేతులతో పొదివి పట్టుకుంది. దారి పొడుగునా పామాయిల్ తోటలు, పొట్ట మీదున్న వరి, వానకు నల్లగా నానిన డంపర్ల రోడ్డు. భయమా సంతోషమా అని ఆమె తనను తాను రెండుసార్లు అడిగింది. ఒక దగ్గర దిగి వెనక్కి పోదామనుకుంది కూడా. చేతులు ఖాళీ లేక ఆటో ఆపమనలేకపోయింది.

కుంకుళ్ళగూడెంలో నిజంగానే సగం ఇళ్ళకు తలుపులు లేవు. కొత్త ప్లాట్లలో వేసుకోవడానికి ద్వారబంధాలతో సహా ఊడదీసుకుపోయారు. పోయిన ఏడు మూడు వరుసల్లో తిరిగిన బతుకమ్మ ఈ ఏడు పదకొండు మందితో పంచాయతీ ఆఫీసు ముందు తిరుగుతోంది. రోజారాణి ఆటో దిగగానే వదినె కవిత పరుగెత్తుకొచ్చి తాంబాళం అందుకుంది. "రావనుకున్న. ఇంత పెద్దది పేర్చినవేంది తల్లీ!" అని మెచ్చుకుంది. దాన్ని తీసుకుపోయి అందరి బతుకమ్మల నడుమ పెట్టారు. తప్పని ఎవరూ అనలేదు. ఎందుకొచ్చావని కూడా ఎవరూ అడగలేదు. రోజారాణి చెప్పులు విడిచి వరుసలో కలిసింది.

రెండో పాట నడుస్తుండగా గని వైపు నుంచి సైరన్ మోగింది. పాట తెగింది. పదకొండు మందీ ఒక్కసారిగా వంగి, ఎవరి బతుకమ్మను వాళ్ళు రెండు చేతులతో చుట్టి పట్టుకుని కూర్చున్నారు. రోజారాణి ఒక్కతే బిత్తరపోయి నిలబడింది. "పట్టుకో రోజా! బ్లాస్టింగు!" అని అరిచింది కవిత. ఆమె వంగేలోపే కాళ్ళ కింద నేల అదిరింది. పంచాయతీ ఆఫీసు కిటికీలు గలగలమన్నాయి. రోజారాణి బతుకమ్మ పై వరుసలు జారి, పసుపు గౌరమ్మ దొర్లి మట్టిలో పడింది. దుమ్ము లేచి నెత్తి మీదికి వచ్చింది. ఆడవాళ్ళు కొంగులతో దులుపుకుని, లేచి, ఒక పెద్దామె గౌరమ్మను తీసి ఊది, ఇద్దరు కలిసి పూలు మళ్ళీ సర్దారు. "వానకు ఆలస్యమైంది ఇయ్యాల. దినాం మూడింటికే అయితుండె" అంది కవిత, నీళ్ళ బిందె గురించి చెప్పినట్టు. ఆగిన చోటు నుంచే పాట మళ్ళీ అందుకున్నారు.

ఆ మాటకు రోజారాణికి అప్పుడు వచ్చింది ఏడుపు. పది రోజులు రానిది. వరుసలో తిరుగుతూ, చప్పట్లు కొడుతూ, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. ఇక్కడి వాళ్ళంతా ఇన్నాళ్ళుగా పూలను ఇలా పట్టుకుని కూర్చుంటున్నారని ఆమెకు తెలియదు. రోజూ బ్లాస్టింగు టైముకు చందర్ బండిని దూరంగా పెట్టి చాయ్ తాగుతాడు, ఆ సంగతి తెలుసు. అతను అటు, తాను ఇటు. ఇంతకాలం అటు వినిపించేదీ ఇటు వినిపించేదీ ఒకటే చప్పుడని ఆమెకు తోచలేదు.

ఫోను ఐదుంబావుకు మోగింది. ఆమె వరుసలోంచి తప్పుకుని, గోడ దగ్గర నిలబడ్డ అన్న పక్కకు పోయి ఎత్తింది.

"ఏడున్నవే? ఇంటికి తాళమున్నది. దుప్పట్లు బయటనే ఉన్నయ్, మబ్బు పడుతున్నది" అన్నాడు చందర్.

"ఊర్ల ఉన్న."

"ఏ ఊర్ల?"

"మా ఊర్ల."

అతను మెల్లగా అన్నాడు. "ఎల్లుండి అక్కోళ్ళొస్తున్నరు. నువ్వులు, పల్లీలు పట్టియ్యాలె. సద్దులకు ఐదు రకాల అన్నాలు చెయ్యాలె. ఎవరు చేస్తరే?"

"ఆళ్ళ తల్లిగారిల్లే గద. ఆళ్ళమ్మ ఉన్నది. చేసుకుంటరు" అంది రోజారాణి. అన్నాక తన నోటి నుంచేనా అని ఉలిక్కిపడింది.

"నామీద కోపమొచ్చిందా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. అబద్ధం చెప్పాలనిపించలేదు. ఔనంటే ఎంత ఔనో తెలియదు, కాదంటే అదీ నిజం కాదు. "ఏమో. నీ మీదనో, అందరి మీదనో, నా మీద నాకేనో. ఇంకా తెల్వలె. తెలిసేదాక ఈన్నే ఉంట. మంగళవారం సద్దులయినంక మాట్లాడుదం. దుప్పట్లు తీసి లోపలెయ్యి, వానొస్తే నాన్తయ్" అని ఫోను పెట్టేసింది.

వెంకటనారాయణ అంతా విన్నాడు. చెల్లెలి వంక విచిత్రంగా చూశాడు. "అదేందే? ఉంటనని నువ్వే చెప్పేస్తివి. ఉండమంటవా అని బావను ఒక్క మాట అడగవైతివి?"

రోజారాణి ఫోను వంక చూసింది, అన్న మొహం వంక చూసింది. పదిహేనేళ్ళలో అడగకుండా ఎక్కడికైనా పోయిందేమో గుర్తు చేసుకోబోయింది, ఒక్కటీ గుర్తు రాలేదు.

"మరిచిపోయిన్నే అన్నా" అంది.